ఆరు వారాల తర్వాత

పదిన్నరకి రమ్మని పదకొండున్నరైనా పిలవరు, ఇదేం పద్ధతో! ఎంతసేపని నిలబడతావు, కాళ్లు పీకెయ్యవూ? ఇలా వచ్చి కూర్చో నాయనా. అమ్మా, మీరు కాస్త జరగండి. ఇంకా దగ్గరికి రండి, గట్టిగా చెప్పే కథ కాదిది. నలుగురు కనిపిస్తే నోరు మూసుకోలేని జబ్బు నాది. దానికి మాత్రం ఈ ఆసుపత్రిలో మందు లేదట.

లోపలున్నది మీ ఆవిడా? రొమ్ము ఆపరేషనేనా? మొన్ననే! అయితే కుట్లు కూడా విప్పలేదన్నమాట. దేవుడు చల్లగా చూడాలి. ఏడవకు. సరేలే, ఏడువు, నాకేం. ఏడుస్తూనే విను.

ఒక అక్కా, ఒక చెల్లీ. చెల్లి బడిలో లెక్కల టీచరు. అక్క బట్టలు కుట్టేది. ఒకరికొకరు తప్ప ఇంకెవరూ లేరు. పదకొండేళ్ల కిందట చెల్లికి నీ భార్యకొచ్చిన కష్టమే వచ్చింది. కుడివైపు మొత్తం తీసేశారు.

ఇంటికి పంపే రోజు డాక్టరమ్మ ఒక కాగితం ఇచ్చింది. పిల్లల పేపర్లలో సున్నా ఎక్కడ జారిందో రెండేసిసార్లు చూసే మనిషి, ఆ కాగితం వైపు కన్నెత్తి చూడలేదు. "నువ్వే చదివి చెప్పక్కా, నాకు ధైర్యం చాలట్లేదు" అంది. అక్క చదివింది. "ముట్టుకోవద్దన్నారే" అని చెప్పింది.

అంతే, చెల్లి ముట్టుకోలేదు. ఎన్నాళ్లనుకున్నావు? పదకొండేళ్లు! స్నానం చేస్తే ఆ వైపు దూరం నుంచి నీళ్లు పోసుకునేది. తువ్వాలు కూడా అద్దేది కాదు, తడి ఆరేదాకా అలాగే నిలబడేది. డాక్టరు మాటంటే దానికి లెక్కల సూత్రం లాంటిది మరి, మార్చడానికి వీల్లేదు!

మచ్చ ఊరుకుంటుందా? తోలు వెళ్లి పక్కటెముకలకి అంటుకుపోయింది. చెయ్యి భుజం దాటి లేవడం మానేసింది. బోర్డు మీద కిందిసగంలోనే రాసేది. వెనక బెంచీల వాళ్లు లేచి నిలబడి చూసి రాసుకునేవాళ్లు. 'సగం బోర్డు టీచర్' అని పేరు పెట్టారు గాడిదలు! అదీ నవ్వేసేది. "పై సగం మీకే వదిలాన్రా, వచ్చి రాయండి చూద్దాం" అనేది.

ఇప్పుడా బడి కొత్త బిల్డింగులోకి మారింది. బోర్డులు బాగా ఎత్తుగా బిగించారు. హెడ్‌మిస్ట్రెస్ మంచిదే, మెత్తగానే చెప్పింది. "రెండు నెలలు చూద్దాం టీచర్‌గారూ. చెయ్యి లేస్తే సరే, లేకపోతే ఆఫీసులో కూర్చుని హాజరు పట్టీలు చూసుకుందురుగాని." ఇరవై ఆరేళ్లు సుద్దముక్క పట్టిన మనిషితో! ఆ రోజు దానికి ముద్ద దిగలేదు.

అలా వచ్చారిక్కడికి. ఫిజియో మేడమ్ మచ్చ మీద వేలు పెట్టిందో లేదో చెల్లి కెవ్వుమంది. నొప్పనుకుంటున్నావా? పదకొండేళ్లలో అక్కడ ఒక మనిషి చెయ్యి పడడం అదే మొదలు నాయనా.

"ముదిరిపోయిందండీ ఈ మచ్చ" అంది మేడమ్. "గాయం మానగానే నూనె రాసి రోజూ వేళ్లతో కదిపి ఉంటే ఇంత బిగుసుకునేది కాదు. అప్పుడెవరూ చెప్పలేదా?"

"లేదండీ, ముట్టుకోవద్దనే చెప్పారు. ఆ డాక్టరమ్మకి ఎంత నిర్లక్ష్యమో చూడండి! మా అక్కే లేకపోతే ఏమైపోయేదాన్నో" అంది చెల్లి.

పక్కనే ఉన్న అక్క తలొంచుకుని నేల మీద పలకలు లెక్కపెట్టుకుంది. పద్దెనిమిది.

అసలా కాగితంలో ఏముందో చెప్పనా? "ఆరు వారాలు ముట్టుకోవద్దు. ఆ తర్వాత రోజుకి రెండుసార్లు, ఐదేసి నిమిషాలు, నూనెతో మర్దన చెయ్యాలి. మొదట్లో ఇంట్లోవాళ్లు చేస్తే మంచిది." ఇంట్లోవాళ్లంటే ఎవరు? ఉన్నదే ఒక్కత్తి!

ఆ ఒక్కత్తికి అటు చూడాలంటేనే వణుకు. కట్టు మారుస్తుంటే ఒకసారి కంటపడింది. ఆ చదునూ, ఆ కుట్లూ... పొద్దస్తమానం ఆడవాళ్ల కొలతలు తీసే చేతులేగా అవి? ఎంతమంది ఛాతీ చుట్టూ టేపు తిప్పలేదు? సొంత చెల్లెలి దగ్గరికొచ్చేసరికి చచ్చుబడ్డాయి. ఆరు వారాలు కానీ, చెబుదాంలే అనుకుంది. రోజూ ప్రార్థనలో దేవుణ్ణి ధైర్యమే అడిగింది. ఏడో వారం వచ్చింది. ఏడాదీ వచ్చింది. "అక్కా, ఇంకా ముట్టుకోకూడదా?" అని అది నోరు తెరిచి అడిగింది కూడా. "ఎందుకే, మానిందాన్ని కెలుక్కోవడం!" అని కసిరి, ఆ రాత్రికి రాత్రే కాగితం తీసి నేను...

అలా చూడకు నాయనా. అవును, నేనే. ఇంకెవరనుకున్నావు? చింపి పొయ్యిలో పెట్టింది నేనే.

రోజూ మర్దన చేస్తే చెయ్యి ఇంకో నాలుగు వేళ్ల ఎత్తు లేస్తుందట. అంతకంటే ఆశ పెట్టుకోవద్దంది మేడమ్. ఆ కొత్త బోర్డు సగానికి అందాలన్నా జానెడు కావాలి. బడికెళ్లి నేనే కొలిచొచ్చాను.

ఇంటికెళ్లగానే నువ్వొక్క పని చెయ్యి. మీ ఆవిడ పక్కన కూర్చుని, వీళ్లిచ్చిన కాగితం మొదటి అక్షరం నుంచి చివరిదాకా పైకి చదువు. భయమేసిన చోట ఆగు, "నాకు భయమేస్తోందే" అని చెప్పు, మళ్లీ చదువు. మీరంతా కూడా ఈ ఒక్క పని గుర్తుంచుకోండమ్మా. ఇలాంటి ఇల్లు ఇంకోటి కనిపిస్తే వాళ్లకీ చెప్పండి. పుణ్యముంటుంది.

నేనా? అది లోపలే ఉంది, ఇవాళ మర్దన నాకు నేర్పిస్తారట. నేర్చుకుంటాను. రెండుపూటలా చేస్తాను. కాగితం సంగతి దానికి చెబుతావా అంటే... చెబితే అది నా చెయ్యి తోసేస్తుంది. అప్పుడు ఆ నాలుగు వేళ్ల ఎత్తు కూడా దానికి దక్కదు కదా? చూశావా, పదకొండేళ్లుగా నాకు నేను చెప్పుకునేవి ఇలాంటివే.

అదిగో, తలుపు తీశారు. "వాళ్ల అక్కగారెవరండీ?" అంటున్నారు.