ఎడమవైపు వెనుక టైరు: శ్రీ హొన్నూరప్ప గారి సేవాయాత్ర

1938వ సంవత్సరం ఏప్రిల్ నెల నాలుగవ తేదీ, సోమవారం నాడు, శ్రీ హొన్నూరప్ప గారు మన హగరి మోటార్ సర్వీసులో బస్సు క్లీనరుగా ప్రవేశించారు. బళ్లారి అప్పట్లో మద్రాసు పాలనలో ఉండేది. తదుపరి మైసూరు రాష్ట్రంలో చేరింది, బండ్ల నంబర్లు మారాయి, ఆఫీసు కాగితాల భాష మారింది, మారనిది ఆయన చేతి మెత్తదనం ఒక్కటే. ఆ చేతిని గురించి నాలుగు మాటలు రాయవలసిందని ఈ వీడ్కోలు సంచిక సంపాదకులు కోరడం నా భాగ్యం. వర్క్‌షాపు ఫోర్‌మన్‌గా నేను మనుషులను పొగిడేది తక్కువ, తిట్టేది ఎక్కువ అని మీకందరికీ తెలిసినదే.

యుద్ధ సంవత్సరాలలో పెట్రోలు కరువై బస్సులు బొగ్గు గ్యాసుతో నడిచిన కాలాన, కొత్త టైరన్నది కంటికి కనబడని వస్తువైన వేళ, డ్రైవరుగా పదోన్నతి పొందిన హొన్నూరప్ప గారు ఉన్న టైర్లనే పసిబిడ్డలను సాకినట్టు సాకారు. ఇతరుల టైర్లు లోపలి గుడ్డ బయటపడేదాకా అరిగిన దారిలోనే ఆయన టైర్ల మీద గీతలు చెక్కుచెదరక నిలిచేవి. ఆయన బస్సు ఎక్కినవారు ఎక్కినట్టే నిద్రపోయేవారు. దిగవలసిన ఊరు దాటిపోయాక లేచి ఆయనతోనే జగడమాడేవారు.

ఆ మెత్తదనాన్ని గుర్తించే 1951లో యజమాని శ్రీ పద్మనాభ గారు తమ మాతృశ్రీ యశోదమ్మ గారి ప్రయాణాల నిమిత్తం ఆయనను సొంత కారుకు మార్చారు. ఆ తల్లి భారీ విగ్రహం, మోకాళ్ల నొప్పి మనిషి. ఎడమవైపు వెనుక సీటు ఆమెది, అందులో మరొకరు కూర్చోవడానికి వీల్లేదు. చక్రం చిన్న గుంతలో పడినా ఊరుకునేవారు కాదు.

"ఏంది హొన్నూరప్పా, నన్ను గోతంలో ఏసి దొర్లిస్తాండావా?"

"లేదమ్మా, రోడ్డు అట్ల ఉండాది."

"రోడ్డు మీద చెప్తావేంది? నీ చెయ్యి యాడ పోయింది?"

ఆమె బరువుకు ఆ పక్క టైరు తక్కిన మూడింటికంటే ముందే అరిగేది. అది న్యాయమైన అరుగుదల. ఫోర్‌మన్‌గా నాకు అభ్యంతరం ఉండేది కాదు.

1958 ఎండాకాలంలో కంప్లిలోని స్వగృహంలో ఆ తల్లికి గుండె నొప్పి వచ్చింది. బళ్లారి ఆసుపత్రికి బయలుదేరారు. కురుగోడు దాటాక ఆమె, "కారు తిప్పప్పా హొన్నూరప్పా, ఇంటికి పోదాం," అన్నారట. పక్కన కూర్చున్న కుమారుడు, మన యజమాని గారు, ఆసుపత్రికే పోనిమ్మన్నారు. కుమారుడు అనవలసిన మాటే అది, డ్రైవరు వినవలసిన మాటే అది. ఊరు చేరకముందే, మిట్టమధ్యాహ్నపు ఎండలో, ఆ సీటులోనే ఆమె కన్నుమూశారు. అంత్యక్రియలు బళ్లారిలోనే జరిగాయి. కంప్లి ఇంటికి ఆమె మరల వెళ్లలేదు.

ఇక ఇక్కడినుంచి చెప్పబోయేది యజమాని గారికి ముందుగా చదివి వినిపించాను. వారు కిటికీవైపు తిరిగి, "రాయండి," అన్నారు.

ఆమె పోయిన తరువాత కూడా ఆ టైరు ముందే అరిగింది. నాకు దయ్యాల మీద నమ్మకం లేదు, టైరు మీద ఉంది. బరువు మోసే కమాను పట్టీలు కొత్తవి వేయించాను. ఇరుసు విప్పించి చూశాను. చక్రాలు అటువి ఇటు, ఇటువి అటు మార్పించాను. ఏ టైరు తెచ్చి అక్కడ బిగించినా అదే వరస. ఖాళీగా నిలబెట్టిన కారు ఎడమకు ఒరిగే ఉండేది. చివరికి విసుగెత్తి కుడివైపు సీటు మీద ఒక నిండు బియ్యం మూట వేయించి నడిపించాను. అరుగుదల సరిసమానమైంది, కారు నిటారుగా నిలబడింది.

హొన్నూరప్ప గారు మాత్రం ఆ మూట తీయించేదాకా నన్ను వదలలేదు. "ఆయమ్మ పక్కన మూట పెడితే ఏం బాగుంటాదప్పా? ఆయమ్మను కూడా సరుకు అనుకున్నట్టు అయితాది."

"ఎవరామె? ఎక్కడుందామె?" అని కసిరాను.

"ఉండాదిలేప్పా. కురుగోడు కాడ కారు తిప్పమంటాది. రోజూ అంటాది."

తల్లి పోయిన నాటినుంచి యజమాని గారు ముందు సీటులోనే కూర్చోవడం మీరందరూ చూసినదే. వెనుక ఎవ్వరూ లేని కారును హొన్నూరప్ప గారు ఇన్నేళ్లూ గుంత గుంతకూ మెల్లగా దింపి, మెల్లగా ఎక్కించి నడిపారు.

ఈ ఏడు ఆయన పదవీ విరమణ ఖాయమైంది. పాతదైన ఆ కారును సైతం తుక్కుకింద అమ్మివేయాలని నిశ్చయమైంది. ఆ కబురు విన్ననాడు ఆయన వర్క్‌షాపుకు వచ్చి నా ఎదుట కూర్చున్నారు. ఆయన కళ్లలో నీళ్లు నేను చూసింది అదే మొదలు.

"నేను దిగిపోతా, బండిని కోసేస్తారు. ఆయమ్మ యాడికి పోతాదప్పా?"

ఆమె అడిగిన ఇంటి దగ్గరే దింపి వద్దామన్నాను. యజమాని గారి అనుమతితో మరుసటి ఆదివారం ఉదయాన ఇద్దరమూ ఆ కారులో కంప్లికి వెళ్లాము. యశోదమ్మ గారి ఇల్లు ఏనాడో చేతులు మారింది. హొన్నూరప్ప గారు గుమ్మానికి ఆనించి కారు నిలిపి, దిగి, ఎడమవైపు వెనుక తలుపు తీసి పట్టుకున్నారు.

"అమ్మా, ఇల్లొచ్చింది. దిగమ్మా."

నేను మడ్‌గార్డు మీద చేయి వేసి ఉంచాను, బరువు దిగి కమాను పట్టీ లేస్తుందేమోనని. లేవలేదు. లోపలినుంచి చేటతో ఇప్పటి ఇల్లాలు వచ్చి, "ఎవురు కావాలప్పా మీకు?" అంది. ఎండ పెరిగింది. హొన్నూరప్ప గారు తలుపు మెల్లగా మూశారు. "ఇది ఆయమ్మ ఇల్లు కాదిప్పుడు, పాపం," అన్నారు. తిరుగు ప్రయాణంలో కురుగోడు దగ్గర ఆయన మెడ వెనక్కు తిప్పి, "ఇంగ యాడికని తిప్పేదమ్మా?" అని అడగడం నా చెవులారా విన్నాను.

గత శనివారం సాయంకాలం ఆయన కారు తాళాలు నా చేతిలో పెట్టారు. ఎప్పటిలాగే ఎడమ తలుపు తీశారు. "నేను పోతాండానమ్మా. మాది చిన్న ఇల్లు. వస్తే రా," అని, వెనుదిరిగి చూడకుండా గేటు వద్ద నిలిచిన గాళెప్ప జట్కావైపు నడిచారు.

అప్పుడు నా కళ్ల ముందు, ఎవరూ ముట్టని ఆ కారు ఎడమ భాగం కిర్రుమని పైకి లేచింది. ఎనిమిదేళ్లుగా నేను సరిచేయలేని ఒరుగు సరి అయింది.

గేటు వద్ద హొన్నూరప్ప గారు జట్కా ఎక్కి కూర్చున్నారు. ఒక క్షణం గడిచింది. జట్కా వెనుకకు వంగి, ఎడమకు ఒరిగింది. గుర్రం బెదిరి రెండడుగులు వెనక్కు వేసింది.

"ఇంకెవురప్పా ఎక్కింది?" అన్నాడు గాళెప్ప.

"నువ్వు పోనీప్పా, మెల్లగ పోనీ. మోకాళ్ల నొప్పి మనిషి," అన్నారు హొన్నూరప్ప గారు.

నిన్న ఫోటో కోసం వారింటికి వెళ్లాను. వారి ధర్మపత్ని శ్రీమతి పంపమ్మ గారు గడప ముందు మట్టి మెత్తి ఒక పొట్టి మెట్టు వేయిస్తున్నారు. ఎందుకమ్మా అంటే, "గడప ఎత్తుగా ఉండాది కదప్పా, ఆయమ్మ ఎక్కలేదు. ఇంటికొచ్చినామెను వాకిట్లో నిలబెడతామా?" అన్నారు. పంపమ్మ గారికి నేను చేతులెత్తి మొక్కాను.

శ్రీ హొన్నూరప్ప గారు, శ్రీమతి పంపమ్మ గారు సంపూర్ణ ఆరోగ్యంతో, నిండు నూరేళ్లు, కుదుపెరుగని జీవితం గడపాలని మన సంస్థ సిబ్బంది యావన్మంది పక్షాన మనసారా కోరుకుంటున్నాను. ఆ ఇంట ఉన్న మూడవ వారికి ఆయుష్షు కోరడం నాకు చేతకాదు. ఇక ఎక్కడికీ ప్రయాణం చేయనక్కరలేని ఆ పెద్దమ్మకు మోకాళ్ల నొప్పి లేకుండా ఉండాలని మాత్రం కోరుకుంటున్నాను.

ఇట్లు,
నారప, వర్క్‌షాపు ఫోర్‌మన్