చివరిదాకా పెంచిన వెలుతురు

కిటికీ పక్క బల్ల దగ్గర ముప్పై ఏళ్లుగా పుస్తకాల ప్రూఫులు దిద్దుతున్న తండ్రి, ఆయన లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకున్న కూతురు కూర్చున్నారు.

“గ్రాఫిక్స్ డ్రైవర్ అప్‌డేట్ అయిన రోజు నుంచే తెరకి ఈ మసకమ్మా. ప్రెస్ మేనేజరుకీ అదే చెప్పాను. వత్తులు వదిలేస్తున్నానని ఒకటే సణుగుడు.”

“అప్‌డేట్ తీసేసి పాత డ్రైవరే పెట్టాను నాన్నా. వెలుతురు మీటలు పనిచేస్తున్నాయి, చూడు.”

“ఇంకాస్త పెంచు.”

“పెంచాను.”

“ఇంకా.”

“ఇంక లేదు నాన్నా, చివరిదాకా వచ్చేసింది. నాకైతే కళ్లు జిగేల్మంటున్నాయి.”

“సరే, ఇప్పుడు బానే ఉందిలే. ఇలా ఇవ్వు, పని చూసుకుంటాను.”

“మొదటి లైను చదువు.”

“నేనేమన్నా ఒకటో తరగతి పిల్లాణ్ణా?”

“చదువు నాన్నా.”

“‘వాన వెలిశాక ఆమె తలుపు తీసింది.’ చాలా?”

“అది నువ్వు నిన్న దిద్దిన పేజీ. ఇప్పుడు తెర మీద ఉన్నది విషయసూచిక.”

తండ్రి కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. మళ్లీ పెట్టుకోకుండా బల్ల మీద ఉంచాడు.

“ఎప్పటి నుంచి నాన్నా?”

“అప్‌డేట్ కంటే ముందు నుంచే. అది వచ్చాక చెప్పుకోవడానికి ఒక వంక దొరికింది.”

“రేపు కంటి డాక్టరు దగ్గరికి వెళ్దాం.”

“రెండుసార్లు వెళ్లొచ్చానమ్మా. ఆపరేషన్‌కి లొంగేది కాదట. మేనేజరుకి ఫోన్ చేసి, లాప్‌టాప్ బాగవలేదని చెప్పు.”

“ఎప్పటికి బాగవుతుందని అడిగితే?”

“పాతది కదమ్మా. ఇక బాగవదని చెప్పు.”