అరువు లాప్‌టాప్

విన్నిపెగ్ యూనివర్సిటీ లైబ్రరీలో మధ్యాహ్నం ఒంటిగంటన్నర. ఫస్టియర్ అమ్మాయి ఒకతె ఆదరాబాదరాగా లైబ్రేరియన్ కౌంటర్ ముందుకొచ్చింది.

“మేడమ్, పొద్దున మీకు తిరిగిచ్చిన లాప్‌టాప్‌లో నా కెమిస్ట్రీ రిపోర్ట్ ఉండిపోయింది!”

“తిరిగివ్వగానే అందులోవన్నీ చెరిగిపోతాయమ్మా. మూత మీదే రాసుంది కదా.”

“చూసుకోలేదు. ఐదింటికల్లా ఇవ్వకపోతే తప్పుతాను. సొంత లాప్‌టాప్ లేనిదాన్ని, సైన్స్‌లో చేరడమే తప్పు. మానేస్తాను.”

“మానేద్దువుగానిలే, ముందిది చెప్పు. ప్రయోగం చేసేటప్పుడు అంకెలు ఎక్కడ రాసుకున్నావ్?”

“ల్యాబ్ నోట్‌బుక్‌లో. పెన్నుతోనే రాయాలి, కొట్టేసినా కనబడాలంటారు మా ప్రొఫెసర్.”

“అదెక్కడుంది?”

“బ్యాగులోనే. కాఫీ ఒలికింది గానీ అంకెలన్నీ ఉన్నాయి.”

“గ్రాఫు?”

“అదీ చేత్తోనే గీశాను.”

“మరి పోయిందేంటి?”

ఇంతసేపూ ఆ ప్రశ్నే ఆ అమ్మాయికి తట్టలేదు.

“నా... వాక్యాలు.”

“అవి పోవడం మీ ప్రొఫెసర్ అదృష్టం. రెండోసారి బాగా రాస్తావ్.”

ఏడవబోయిన పిల్లకు నవ్వొచ్చింది. లైబ్రేరియన్ అలమర తెరిచి ఇంకో లాప్‌టాప్ తీసింది.

“ఇదిగో, నాలుగు గంటలు నీదే.”

“మూడు చాలు మేడమ్,” అంటూ ఆ అమ్మాయి కిటికీ పక్క బల్ల వైపు పరుగెత్తింది.