తూకం వరసలో

ప్రాక్టీస్ ముగిసింది. తూకం గది ముందు రేసు కార్లు వరసలో ఆగి ఉన్నాయి. మూడో కారులో డ్రైవరు బెల్టులు విప్పకుండా కూర్చున్నాడు, పక్కనే నిలబడ్డ ఇంజినీరు అతని అక్క, వెనక నుంచి కారు నెడుతున్న ముసలి మెకానిక్కు అందరికీ బాబాయ్.

"ఇంకో సీసా ఇవ్వక్కా."

"ఇప్పుడేగా రెండు తాగావు? కడుపా, డ్రమ్మా?"

"దాహంగా ఉంది."

"ఉండదూ మరి, ఒళ్ళంతా చెమటే. ఇదుగో, మెల్లగా తాగు..."

"ఇంజినీరు గారూ, ఆ సీసా ఇలా ఇచ్చెయ్యండి. వరసలోకి వచ్చాక డ్రైవరుకి ఏమీ అందించకూడదు."

"నీళ్ళే కదండీ ఆఫీసరు గారూ."

"నీళ్ళకీ బరువుంటుందమ్మా. తూకం అయ్యాక బిందెడు తాగమనండి."

"విన్నావుగా. ఓర్చుకో. ఎంతసేపు, ముందు రెండు కార్లేగా."

"రెండేనా?"

"ఏం, ఇరవై ఉంటే బాగుండేదా? కాస్త నవ్వరా బాబూ. మొదట వచ్చావు. బోర్డు మీద మన నంబరు పైన ఉండటం నేను ఈ టీములో చేరాక ఇదే మొదటిసారి. టీము ఓనరు పెద్దాయన్ని చూశావా? ఆ అద్దాల గదిలో దారిన పోయేవాళ్ళని కూడా ఆపి మరీ చేతులు కలుపుతున్నాడు."

"అంతా నీ ఫ్లోర్ వల్లేనక్కా."

"ఊఁ."

"ఊఁ ఏంటి? నెలల తరబడి తిండి మానేసి గీశావు. కారు అడుగున అలాంటి పలక బిగిస్తే గాలే కారుని రోడ్డుకి అతికించేస్తుందని నువ్వు చెబుతుంటే అందరూ పక్కకి తిరిగి నవ్వారు. ఇవాళ నవ్వమను చూద్దాం."

"సరేలే. బాబాయ్, మెల్లగా నెట్టు. ముందు కారుకి తగిలేట్టుంది."

"మెల్లగానే నెడుతున్నానమ్మా. ఇంతకంటే మెల్లగా అంటే ఇంక ఆపెయ్యడమే."

"ఆపెయ్ బాబాయ్."

"ఏంట్రా?"

"ఏం లేదక్కా. ఊరికే అన్నాను."

"కాలు నొప్పిగా ఉందా?"

"లేదు."

"మరి ఆ మొహమేంటి, దయ్యాన్ని చూసినట్టు? సరే, ఇది చెప్పు. ఆ పెద్ద మలుపులో వెనక జారిందా?"

"అస్సలు జారలేదు. అదే నాకు ఆశ్చర్యం. కొత్తది ఏది బిగించినా నాకు గుండె దడ కదా, నీకు తెలుసుగా."

"నాకు తెలియకపోవడమేంటి. చెప్పులు మార్చినా వారం రోజులు తడబడతావు."

"అదే చెబుతున్నా. ఇవాళ ఒక్క చోట కూడా భయం వెయ్యలేదు. సొంత మంచం మీద పడుకున్నట్టుంది. అది నీ గొప్పేనక్కా, ఒప్పుకో."

"బాబాయ్, వెనక టైర్లలో గాలి చూశావా?"

"చూశానమ్మా. ఇందాక మీరే అడిగారు, నేనే చెప్పాను."

"నువ్వెందుకక్కా మాట దాటేస్తున్నావు?"

"నేనా? నువ్వే వచ్చిన దగ్గర్నుంచీ కుదురుగా లేవు. అదుగో, ముందు వాడు ఎక్కాడు. బాబాయ్, ఇంకాస్త ముందుకి."

"అక్కా, నేను దిగితే?"

"పిచ్చా? డ్రైవరుతో కలిపే తూస్తారు. ఇప్పుడు బెల్టు విప్పావంటే మొదటికే మోసం."

"అసలు తూకానికే వెళ్ళకపోతే? కారు చెడిపోయిందని చెప్పి వెనక్కి తోసుకెళ్ళిపోతే?"

"పిలిచాక వెళ్ళకపోతే తప్పు చేసినట్టే లెక్క. ఇవాళ్టి టైము కొట్టేస్తారు, ఆదివారం రేసులో దిగనివ్వరు."

"వెళ్ళి తక్కువ తూగితే?"

"దానికీ అంతే. అయినా తక్కువెందుకు తూగుతుంది? ఏరా, నిన్నే."

"బాబాయ్, చెప్పెయ్యనా?"

"నన్నడక్కు బాబూ. నాకు ఈ కారు నెట్టడం తప్ప ఇవాళ ఇంకేం తెలీదు. రేపూ తెలీదు."

"బాబాయ్‌కి తెలిసింది నాకు తెలీనిదేంటి? చెప్పరా. ముందు ఒక్క కారే ఉంది."

"సీటు కింద సీసం పలకలు లేవక్కా."

"లేవంటే?"

"తీయించేశాను. పొద్దున, నువ్వు మీటింగులో ఉన్నప్పుడు."

"మన కారు మరీ తేలిక కాబట్టి, బరువు రూలుకి సరిపోవాలని బిగించే పలకలు. అవేనా?"

"అవే."

"ఎన్ని?"

"అన్నీ."

"అన్నీ! ఒకటో రెండో కాదు, అన్నీ! బాబాయ్, నువ్వు తీశావా?"

"తీశానమ్మా."

"నాతో ఒక్క మాట చెప్పొద్దూ?"

"ఎవరికీ చెప్పొద్దని నా తల మీదే చెయ్యి పెట్టించి ఒట్టేయించుకున్నాడమ్మా. నాకు ఒట్టంటే భయమని మీ అందరికీ తెలుసు, అందరూ అదే పట్టుకుంటారు."

"బాబాయ్‌ని అనకక్కా. తప్పు నాది."

"ఎందుకు చేశావురా? నీకేం తక్కువైంది? పక్క గల్లీ పిల్లలు మార్కులు దిద్దుకున్నట్టు, ఈ వయసులో ఇదేం బుద్ధి?"

"నీ కోసమే."

"నా కోసమా?"

"నిన్న పెద్దాయన నన్ను పిలిచాడు. తలుపు వేశాడు. ఇవాళ ప్రాక్టీసులో ఆ కొత్త ఫ్లోర్ పనిచేసినట్టు కనబడకపోతే మీ అక్కని సీజన్ మధ్యలోనే ఇంటికి పంపించేస్తానన్నాడు. ఇంకో టీము కూడా తీసుకోకుండా చూస్తానన్నాడు. నవ్వుతూనే అన్నాడక్కా, కుర్చీలో అటూ ఇటూ ఊగుతూ."

"నా గురించా? నా గురించే అన్నాడా? సరిగ్గా విన్నావా?"

"చెవులున్నాయి కదా నాకు. నీ పేరు చెప్పి మరీ అన్నాడు."

"నిన్న ఎప్పుడు?"

"సాయంత్రం. టైర్ల మీటింగు అయిపోయాక. ఎందుకు?"

"ఏం లేదు. చెప్పు."

"చెప్పడానికేముంది? నీతో చెబితే వెళ్ళి ఆయన మొహం మీదే రాజీనామా పారేస్తావు. ఊరుకుంటే, నేను కొత్తదానితో తడబడి నీ కొంప ముంచుతాను. ముందు నుయ్యి, వెనక గొయ్యి. కారు కాస్త తేలికైతే టైము దానంతట అదే వస్తుంది, నీ ఫ్లోర్ గెలిచినట్టుంటుంది, రేపటికి అలవాటు పడ్డాక పలకలు బిగించేద్దాం అనుకున్నా."

"మరి ఇక్కడ తూస్తారని తెలీదా? ఇన్నేళ్ళుగా కార్లు తోలుతున్నావు!"

"ప్రాక్టీసులో చీటీలు తీసి ఎవర్నో ఒకర్ని పిలుస్తారు, మనకి తగలదులే అనుకున్నా. మొదట వచ్చినవాడిని తప్పకుండా పిలుస్తారని నాకేం తెలుసక్కా? మనం ఎప్పుడు మొదట వచ్చాం గనక! ఎందుకు నవ్వుతున్నావు?"

"నవ్వట్లేదురా."

"తిట్టక్కా. నాలుగు తిట్లు తిట్టు. నువ్వు ఇలా ఊరుకుంటే నాకు ఇంకా భయంగా ఉంది."

"నిన్ను తిట్టడానికి నేనెవర్ని?"

"అదేం మాట?"

"తర్వాతి కారు! మెకానిక్కు గారూ, ఎక్కించండి. తిన్నగా. ఇంకొంచెం. చాలు. ఇంక ఎవరూ కారు మీద చెయ్యి వెయ్యకండి. డ్రైవరు గారూ, చేతులు ఒళ్ళో పెట్టుకుని కదలకుండా కూర్చోండి."

"అక్కా."

"కదలకన్నారుగా. నేనిక్కడే ఉన్నాను."

"అక్కా, వెళ్ళిపోకు."

"ఎక్కడికి పోతానురా?"

"ఇంజినీరు గారూ, అంకె చూసుకోండి."

"చూశానండి."

"తక్కువుందమ్మా. చాలా తక్కువుంది."

"ఇంకోసారి తూస్తారా?"

"రూలు ప్రకారం రెండోసారి తూస్తాను. చూడండి. ఏమన్నా మారిందా?"

"లేదండి."

"పెద్ద ఆఫీసర్లకి కబురు పంపుతున్నాను. వాళ్ళు వచ్చేదాకా కారు ఇక్కడి నుంచి కదలకూడదు. డ్రైవరు గారూ, మీరూ దిగకూడదు."

"ఎంతసేపండీ?"

"వాళ్ళు వచ్చేదాకా. ఆ తలుపు వేస్తాను, బయట కెమెరాలవాళ్ళు పోగవుతున్నారు."

"అక్కా, పెద్దాయన ఇంకా అద్దాల గదిలోనే ఉన్నాడా?"

"లేడు. కిటికీలోంచి కనబడుతున్నాడు, మెట్లు దిగుతున్నాడు. వార్త అప్పుడే వెళ్ళినట్టుంది."

"వస్తే రానీ. నేనే చెబుతాను. పలకలు తీయించింది నేను, అక్కకి తెలీదు, బాబాయ్‌కి తెలీదు అంటాను. నన్ను ఆదివారం దించకపోతే పోనీ, వచ్చే రేసు ఉంది. నాకేం కాదు. నీ ఫ్లోర్‌కి మాట రాకూడదు, అంతే."

"ఊరుకోరా."

"ఎందుకూరుకోవాలి? సీసం తీసినంత మాత్రాన ఇంత టైము వస్తుందా? సగానికి సగం నీ ఫ్లోరే. ఆ మలుపులో నాకొచ్చిన ధీమా సీసంది కాదక్కా, ఒట్టు. పలకలన్నీ బిగించి, కింద ఇదే ఫ్లోర్ పెట్టి, ఎవరి ముందైనా నడిపి చూపిస్తా. పెద్దాయనతో ఇప్పుడే పందెం కాస్తా."

"అమ్మా, ఇంక నా వల్ల కాదు. చెప్పెయ్యండి."

"బాబాయ్!"

"కక్కలేక మింగలేక చస్తున్నానమ్మా పొద్దున్నుంచీ. ఇటు చూస్తే ఈయన ఒట్టు, అటు చూస్తే మీ ఒట్టు. ఇద్దరూ అరగంట తేడాలో వచ్చి నా నెత్తి మీదే చెయ్యి పెట్టించి ఒట్టేయించుకున్నారు. మీకు రెండో తల దొరకలేదా?"

"అక్క ఒట్టేంటి బాబాయ్?"

"అమ్మగారినే అడుగు. పెద్దాయన లోపలికి రాకముందే అడుగు."

"అక్కా, ఏంటిది?"

"నిన్న సాయంత్రం నన్నూ పిలిచాడురా. నీ తర్వాతే అనుకుంటా."

"తలుపు వేశాడా?"

"వేశాడు. నా ఫ్లోర్ గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు. నీ తమ్ముడు ముసలివాడైపోతున్నాడు, కుర్రాడొకడు హోటల్లో దిగి ఉన్నాడు, రేపు ప్రాక్టీసులో మీవాడు పైన కనబడకపోతే ఎల్లుండి నుంచి ఆ సీటు కుర్రాడిదే అన్నాడు."

"నా సీటా?"

"నీ సీటే."

"నాతో నీ ఉద్యోగం అన్నాడు."

"నాతో నీ సీటన్నాడు. ఇద్దర్నీ ఒకే కర్రతో తోలాడు. మనం ఒక్కసారి కూర్చుని మాట్లాడుకుని ఉంటే... నువ్వు నాతో చెప్పలేదు, నేను నీతో చెప్పలేదు."

"ఎందుకు చెప్పలేదు?"

"చెబితే నువ్వు స్టీరింగు పట్టుకోగలవా? నాకు భయమేసిందిరా. కారు తోలడం తప్ప నీకు ఇంకో పని చేతకాదు. ఆ సీటు పోతే నువ్వు ఏమైపోతావు?"

"సరే, మరి నువ్వేం చేశావు? బాబాయ్‌తో ఏం ఒట్టు పెట్టించుకున్నావు?"

"కొత్తదానితో నువ్వు తడబడతావని నాకు తెలుసు. నువ్వు గెలవాలంటే నీ చేతికి అలవాటైన కారే ఇవ్వాలనుకున్నా."

"అంటే?"

"తలుపు తీస్తున్నారమ్మా. పెద్దాయన వచ్చేశాడు."

"చెప్పక్కా, తొందరగా. అంటే ఏంటి?"

"పొద్దున నీ కారు కింద పాత ఫ్లోరే బిగించామురా. నువ్వు ఇంత పొగిడిన నా కొత్త ఫ్లోర్ పెట్టె విప్పకుండా లారీలోనే ఉంది, దాన్ని ఇంతవరకు ఎవ్వరూ నడపనే లేదు."