ఓడలో ఫోన్ పలకదంట

కువైట్‌లో పనిచేసే ఇంటి వంటగదిలోంచి కూతురు రాయచోటిలో తల్లికి వీడియో కాల్ చేసింది.

"రంజాన్ అయినాక ఇంటికి పంపిస్తామన్నారు కదే?"

"ఇప్పుడు పెద్ద ఓడెక్కి పసిఫిక్ దీవులన్నీ తిరుగుతారంటమ్మా. వాళ్ల బిడ్డకు తినిపించేదానికి నన్నూ రమ్మంటాండారు."

"పోనీలే, నువ్వూ నాలుగు దీవులు చూస్తావు."

"నడిసముద్రంలో నా ఫోన్ పలకదంట. నెలల తరబడి."

"అయ్యో! ఫోన్‌లో నిన్ను చూస్తే గానీ నీ పాప ముద్ద ముట్టదే! రానని చెప్పకూడదా?"

"'మేడమ్, నేను రాలేను' అని ఇంటామె కాళ్లు పట్టుకున్నా. 'ఖలాస్, ఇంక మాట్లాడొద్దు' అనింది. నా పాస్‌పోర్టు అప్పుడే వీసాలకు పంపించేసినారు."

"ఇప్పుడెట్లనే?"

"ఈ పూట నుంచే అలవాటు చెయ్యమ్మా. ఫోన్ పాప దిక్కు తిప్పొద్దు."

"నీ గొంతు విని ఎతుక్కుంటాందే."

"అయితే నేను మాట్లాడను. నువ్వు ముద్ద పెట్టు."