వంతెన వెనక చంద్రుడు

కలకత్తాలో గ్రహణం మర్నాడు పొద్దున. పత్రికా ఫొటోగ్రాఫర్ నిర్మల్ తీసిన చంద్రగ్రహణం ఫొటో మొదటి పేజీలో పడింది. పేపరు అతని భార్య బనాని చేతిలో ఉంది.

"మళ్ళీ చెప్పండి. నిన్న సాయంత్రం ఎక్కడున్నారు?"

"బాబూఘాట్‌లో అన్నానుగా బనానీ. ఫొటోగ్రాఫర్లందరం అక్కడే చేరాం."

"బాబూఘాట్ గంగకి ఏ ఒడ్డున ఉంది?"

"మన తూర్పు ఒడ్డునే. ఇదేం ప్రశ్న?"

"చంద్రుడు ఎటు ఉదయిస్తాడు? తూర్పునే కదా? ముప్పై ఏళ్ళుగా ఫొటోలు తీసేవాడి పెళ్ళాన్ని, ఆ మాత్రం తెలీదనుకున్నారా? హౌరా బ్రిడ్జి వెనక నుంచి ఎర్రటి చంద్రుడు లేస్తున్నాడిక్కడ. అంటే తీసినవాడు గంగ దాటి పడమటి ఒడ్డున హౌరాలో నిలబడ్డాడు."

"ఆఁ, అదే. ఈ ఒడ్డు నుంచి కుదరదని చివర్లో అటు వెళ్ళాను. పనిమీదే."

"చెప్పలేదేం?"

"నువ్వు అడగలేదు."

"మూడుసార్లు అడిగాను. మూడుసార్లూ బాబూఘాటే అన్నారు. పోనీ, రాత్రి అన్నమెందుకు తినలేదు?"

"గ్రహణం కదా."

"గ్రహణం పట్టుండగా పకోడీలు తెప్పించుకు తినే మనిషి మీరు. నిన్నే పట్టింపులొచ్చాయా? మీ చేతులు ఆవపెట్టిన చేప వాసన కొట్టాయి."

"హోటల్లో తిన్నాను. హౌరా స్టేషన్ పక్కన. ఫొటో కూడా ఆ హోటల్ మేడ మీంచే."

"హౌరాలో టుటుల్ ఉంది."

"ఉంటే?"

"మన కూతురు మనకి చెప్పకుండా రిజిస్టర్ పెళ్ళి చేసుకున్న రోజు మీచేత ఒట్టేయించుకున్నాను. ఈ ఇంట్లోవాళ్ళెవరూ దాని గడప తొక్కకూడదని. మీరు తొక్కిన రోజు నేను చందన్‌నగర్ మా అన్నయ్య ఇంటికి పోతానన్నాను. గుర్తుందా?"

"ఎందుకు లేదు. నీది మొండి పట్టు. రెండేళ్ళుగా దాని పేరే ఎత్తలేదు నువ్వు."

"వెళ్ళారా లేదా?"

"హోటలని చెప్పానుగా."

"ఏ హోటల్ వాడు పిట్టగోడ విరిగితే వెదుళ్ళు అడ్డం కట్టుకుని ఊరుకుంటాడండీ? ఇదిగో, ఫొటో అడుగున. ఇది టుటుల్ వాళ్ళ మేడ."

"సరే, వెళ్ళాను. చాలా? కడుపుతో ఉందని తెలిశాక నా కాళ్ళు ఆగలేదు. గ్రహణమంటే వట్టి నీడేనని చిన్నప్పుడు దానికి నేర్పింది నేనే. నిన్న అది చూస్తానని మేడెక్కబోతే లోపలికి పొమ్మని కసిరాను. భయమేసింది నాకు. నీకేం, నీది రాతి గుండె. పెట్టె సర్దుకో, రైలు నేనే ఎక్కిస్తా. ఉండు, ఉండు."

"ఏంటి ఉండేది?"

"నువ్వు ఆ ఇంటి గడప తొక్కలేదు."

"తొక్కలేదు."

"ఫొటోలో ఉన్నవి రెండు వెదుళ్ళు. అది వాళ్ళ మేడేనని నీకెలా తెలిసింది?"

"ఎవరో చెప్పారు."

"ఎవరు?"

"పొయ్యి మీద పప్పుంది. మాడిపోతుంది."

"కూర్చో బనానీ. ఎవరు చెప్పారు?"

"ఏడో నెల పిల్ల, రోజూ ఆ మేడ మీదే బట్టలారేస్తుంది. ఆ విరిగిన గోడ సంగతి అల్లుడికి చెబితే రేపూ మాపూ అంటాడు. ఇక లాభం లేదని పోయిన మంగళవారం మనిషిని తీసుకెళ్ళి, దగ్గరుండి నేనే కట్టించాను."