ఖాళీ మిషన్

మూడో అంతస్తులో చిన్న ఇల్లు. మధ్యాహ్నం మూడు దాటింది. వంటగది పక్కన బట్టలుతికే మిషన్, దాని ముందు చాప మీద ఆరిన బట్టల గుట్ట. గుట్టకి అటు మూడు నెలల పిల్లాడి తల్లి, ఇటు ఆమె భర్తకి అక్క. పిల్లాడు లోపలి గదిలో నిద్రపోతున్నాడు.

"ఈ చొక్కా వాడిది కాదు వదినా. ఇంత పెద్దది మా ఇంట్లో లేదే."

"నేనే కుట్టి తెచ్చాను. ఆరో నెలకి సరిపోతుంది. ఇంకో నాలుగున్నాయి సంచీలో."

"ఇప్పుడు మూడో నెలేగా. అప్పుడే ఎందుకు?"

"ఆరో నెలకి వాడు నా దగ్గరుంటాడు కాబట్టి. వాడు పక్కనుంటే షాపువాళ్ల కుట్టుపని చూసుకోనా, వాడికి చొక్కాలు కుట్టనా?"

"ఆ మాట పోయినసారే అయిపోయింది వదినా. వాణ్ని ఎక్కడికీ పంపను."

"అయిపోయిందని నువ్వన్నావు. నేననలేదు. పది రోజుల్లో నీ సెలవు అయిపోతోంది. మళ్లీ చెవులకి ఆ హెడ్‌ఫోన్లు తగిలించుకుని, ఊళ్లోవాళ్ల తిట్లన్నీ వింటూ 'అర్థమైంది సార్, క్షమించండి సార్' అంటూ కూర్చోవాలి. మా తమ్ముడేమో వంతెన పని వదిలి శనివారం తప్ప రాడు. మరి వాణ్ని చూసేదెవరు, ఈ మిషనా?"

"మిషన్ ఎందుకొచ్చింది మధ్యలో?"

"ఎదురుగా ఉంటే అన్నాను. ఏం?"

"ఏం లేదు. పక్క వీధిలో పిల్లల్ని చూసుకునే ఆవిడ ఉంది. మాట్లాడాను. ఆయన కూడా సరే అన్నారు. నేను వద్దంటే వాణ్ని ఎవరూ తీసుకెళ్లరని మీకు కూడా చెప్పారుగా."

"చెప్పాడు, చెప్పాడు. 'తన నోటితో తను పంపిస్తానంటే తప్ప కుదరదక్కా' అన్నాడు. సరే. నీ నోటితో నువ్వు అన్ననాడే తీసుకెళ్తాను. తొందరేముంది నాకు?"

"అననుగా."

"అనకు. అది వదిలేయ్. ఇవాళ గుంపులో పెద్ద గొడవ. చూశావా?"

"ఏ గుంపు?"

"నీకెన్ని గుంపులున్నాయి? ఫోన్లో అమ్మల గుంపు. ఐదో నెల కడుపుతో ఉన్నప్పుడు నేనేగా నిన్ను చేర్చింది."

"ఫోన్ చూసే తీరిక ఎక్కడుంది వదినా..."

"నేను చదువుతా, నువ్వు మడతపెట్టు. ఎవరో పేరు దాచుకుని రాసింది. 'మావాడు మూడు గంటల నుంచి ఏడుస్తున్నాడు. ఎత్తుకున్నా ఏడుపే, దించినా ఏడుపే. నాకు వాణ్ని విసిరేయాలనిపించింది. భయమేసి ఉయ్యాల్లో పడుకోబెట్టి, తలుపు వేసి బయటికొచ్చేశాను. ఏడుపు వినపడకుండా మిషన్ వేశాను. అందులో బట్టల్లేవు. ఊరికే తిప్పాను. నేను చెడ్డదాన్నా?' విన్నావా? చెడ్డదాన్నా అని ముప్పై వేలమందిని అడుగుతోంది మహాతల్లి. ఇంట్లో అద్దం లేదు కాబోలు."

"పాపం, అలిసిపోయి..."

"ఏంటీ?"

"ఏం లేదు. ఏమన్నారు అందరూ?"

"ఏమంటారు? 'ముగ్గురి అమ్మ' అని ఒకావిడ. 'ముగ్గుర్ని పెంచాను, ఒక్కసారి తలుపు వెయ్యలేదు, స్నానానికి కూడా' అంది. ఇంకొకాయన 'గర్వించే నాన్న'ట. 'ఇలాంటివాళ్లకి కుక్కపిల్లని కూడా ఇవ్వకూడదు' అన్నాడు. దాని కింద ఇంకొకావిడ 'దయచేసి కుక్కపిల్లని అవమానించకండి' అంది. నవ్వవేం?"

"నవ్వాను."

"పళ్లు కనపడలేదు మరి. ఒకావిడేమో అరికాళ్లకి నూనె రాయమంది."

"ఎవరి అరికాళ్లకి?"

"అది రాయలేదు. ఇంకొకావిడ 'ముందు డబ్బాపాలా, తల్లిపాలా చెప్పండి, తర్వాత తిడతాం' అంది. ఇదిగో ఈ తింగరిది, 'ఆ మిషన్ ఏ కంపెనీది, మాది అంత శబ్దం చెయ్యదు' అట. అందరిలోకీ ఇదే నిజాయితీ ఉన్న మనిషి."

"చాలు వదినా. వాడు లేస్తాడు, మెల్లగా."

"మెల్లగానే చదువుతున్నా. ఇది విను. 'అరగంటసేపు పసివాణ్ని చీకటి గదిలో పడేసి...'"

"అరగంట కాదుగా. పదకొండు నిమిషాలు. చీకటేంటి, లైటుంది. ఏంటి వదినా, అలా చూస్తున్నారు?"

"పదకొండు అని ఉంది. నిజమే. పోస్టు చివర్న ఉంది. ఆ ముక్క నేను నీకు చదివి వినిపించలేదే."

"మీ భుజం మీంచి కనపడింది."

"గుట్టకి అటు కూర్చుని? నీ చూపు మంచిదే అమ్మాయ్. లైటు సంగతి మాత్రం ఎక్కడా లేదు."

"ఉండే ఉంటుందని. ఎవరైనా లైటు వేసే ఉంచుతారుగా."

"ఊఁ. ఉంచుతారు."

"అందరూ తిట్టినవాళ్లేనా? ఒకావిడ మంచిగా రాసిందిగా. 'నేనూ ఇలాగే చేశాను. విసిరేయకుండా తలుపు వేసుకున్నారు, మీరు చేసింది మంచి పనే' అని."

"ఎక్కడ? నాకు కనపడటం లేదే."

"ఉండాలి. పైనుంచి ఐదోది."

"ఫోన్ చూసే తీరిక లేదన్నావు."

"పొద్దున ఒక్క నిమిషం చూశాను. పాలు పడుతూ."

"పాలు పడుతూ ఫోన్! ఆ మాట గుంపులో పెట్టానంటే నీకూ రెండొందల తిట్లు పడతాయి. లేదమ్మాయ్, అలాంటిదేం లేదు. ఉన్నా ఎవరో తీసేసి ఉంటారు."

"అదొక్కటీ ఎందుకు తీసేస్తారు?"

"తప్పుడు సలహా కాబట్టి. చదివి పదిమంది తలుపులేసుకుంటే?"

"అయితే మొత్తం పోస్టే తీసేయొచ్చుగా. ఇవన్నీ చదివి ఆవిడ ఏమైనా చేసుకుంటే?"

"మాటలకే చచ్చేట్టయితే ఇళ్లల్లో ఆడవాళ్లం ఎంతమందిమి మిగిలేవాళ్లం చెప్పు? నీకెందుకంత ఇది?"

"నాకేముంది. మీరేం రాశారు?"

"నేనా? 'నా కూతురు పుట్టాక రెండేళ్లు దాన్ని కింద దించలేదు' అని రాశాను. వెయ్యిమందికి నచ్చింది."

"మీ అమ్మాయి ఫోన్ చేసిందా ఈ మధ్య? కింద దించలేదన్నారుగా. ఇప్పుడెక్కడుందో తెలుసా అని."

"దాని సంగతి ఎందుకిప్పుడు?"

"ఊరికే. పెళ్లికి కూడా పిలవలేదని ఆయన అన్నారు. ఆ సంగతి వెయ్యిమందికి తెలీదు కదా అని."

"అబ్బో. నోరుంది నీకు. ఉండాల్సినచోటే లేదు. నువ్వు గుంపులో చేరి ఇన్ని నెలలైంది, ఒక్క ముక్క రాసిన పాపాన పోలేదు. మీ మరదలు మూగదా అని అడుగుతున్నారు నన్ను. ఇవాళ రాయి. దీని కిందే రాయి."

"నాకు రాయడం రాదు వదినా."

"రోజుకి వందమందికి సర్దిచెప్పే ఉద్యోగం నీది. రాదట. తీసుకో నీ ఫోన్. నీ పేరుతో, నీ ఫోటోతో రాయి. నువ్వెలాంటి తల్లివో జనానికి తెలియాలిగా."

"రాయకపోతే?"

"రాయకపోతే ఏముంది? ఆవిడ మీద జాలి పడుతున్నావనుకుంటా. ఎందుకింత జాలి అని కాసేపు ఆలోచిస్తా. నాకు తెలియకపోతే మా తమ్ముణ్ని అడుగుతా."

తల్లి చేతిలో చొక్కా పక్కన పెట్టి తన ఫోన్ అందుకుంది.

"ఇలా రాశాను, చూడండి. 'కొంచెం ఓపిక పట్టి ఉండాల్సింది.'"

"ఇదేం రాత? బస్సు ఆలస్యమైందని చెప్తున్నట్టుంది. నీ కడుపులోంచి రావాలి. నువ్వు ఒక తల్లివి, అది ఒక తల్లి. దాన్ని చూస్తే నీకేమనిపిస్తోంది? నిజం చెప్పు."

"నిజంగానా?"

"నిజంగానే."

"అసహ్యం."

"అదీ. అది రాయి."

తల్లి రాయడం మొదలుపెట్టింది.

"ఏంటి, ఇంకా రాస్తున్నావా?"

"ఊఁ."

"ఆపకుండా రాస్తున్నావే! రాదన్నావుగా."

"అయిపోయింది."

"చదువు."

"'ఏడుపు ఆగింది కాబట్టే ఈవిడ లోపలికి వెళ్లింది. వెళ్లేముందు తలుపు దగ్గర నిలబడింది. అప్పుడు లోపల ఏ చప్పుడూ లేదు. ఆ నిశ్శబ్దం వినగానే ఆవిడకి ముందు ఏమనిపించింది? భయమేసిందా, హాయిగా ఉందా? అది ఎవరూ అడగలేదు. హాయిగానే ఉండి ఉంటుంది. ఒక్క క్షణం. తర్వాతే భయం. ఆ ఒక్క క్షణం సంగతి దాచిపెట్టి, మిషన్ గురించి రాసింది, మిషన్ గురించే తిట్టించుకోవచ్చని. ఇలాంటి తల్లి దగ్గర బిడ్డ ఒక్క రోజు కూడా ఉండకూడదు. ఇంట్లోవాళ్లెవరైనా వచ్చి తీసుకెళ్లాలి.'"

"అమ్మో."

"ఎక్కువైందా? తీసేస్తా."

"తీస్తే ఊరుకోను. ముప్పై వేలమందిలో ఒక్కళ్లకి తట్టలేదు ఈ మాట. నొక్కు."

"వదినా..."

"నొక్కు."

"నొక్కాను."

"కళ్లెందుకు తుడుచుకుంటున్నావు?"

"దుమ్ము. బట్టల్లో."

"ఇప్పుడే ఉతికిన బట్టల్లో. సరే. చూడు, చూడు, నలభైమందికి నచ్చింది అప్పుడే. అరవై ఆరు. ముగ్గురి అమ్మ నీ గురించి ఏమందో తెలుసా? 'కన్నతల్లి అంటే ఈ అమ్మాయిలా ఉండాలి' అంది. సంతోషమేనా?"

"సంతోషమే."

"ఉండు, ఒక ఫోటో తీసుకోనీ దీన్ని."

"ఎవరికి పంపుతున్నారు?"

"మా తమ్ముడికి. పెళ్లాం గొప్పతనం వాడు కూడా చూసుకోనీ. భోజనం వేళ దాటింది, ఫోన్ చేతిలోనే ఉంటుంది."

"ఆయనకెందుకు వదినా ఇవన్నీ... వాడు లేచాడు. ఏడుస్తున్నాడు."

"వింటున్నా."

"ఆకలేమో. వెళ్తాను."

"కూర్చో. నేను వెళ్తా."

"మీ దగ్గర ఊరుకోడు. నేను..."

"కూర్చోమన్నాను. పదకొండు నిమిషాలు కూర్చోగలిగినదానివి, ఇంకో రెండు కూర్చోలేవా?"

"ఏమంటున్నారు మీరు?"

"పేరు దాచుకుంటే అందరికీ దాగుతుందనుకున్నావు. పోస్టుని ముందు ఒకళ్లు చూసి సరేనంటేనే కదా గుంపులోకి వచ్చేది? ఆ చూసేవాళ్లకి పేరు కనపడుతుంది, ఫోటో కూడా. పోయిన వారం నుంచి ఆ పని నాది. పొద్దున్నే లేచి చూశాను. నీ మొహం. ఒళ్లో బుడ్డోణ్ని పెట్టుకుని నవ్వుతున్నావు ఫోటోలో."

"తెలిసి... తెలిసే బయట పెట్టారా? తెలిసే ఇవన్నీ చదివి వినిపించారా నాకు?"

"అడిగావుగా, చెడ్డదాన్నా అని. అడిగితే చెప్పాలి. మంచిగా రాసినావిడది కూడా నేనే తీసేశాను. చదివితే నీకు ధైర్యం వచ్చేస్తుందని."

"వదినా, ఆయనకి పంపకండి. నేనే చెప్తా శనివారం. నేనే అన్నీ చెప్తా."

"పంపేశాను. నీ పోస్టు, నీ కామెంటు, పక్కపక్కన పెట్టి."

"అది మీరు రాయించారు!"

"నేనా? ఒక్క అక్షరం చెప్పానా? ఆ హాయి మాట నాకెలా తెలుస్తుంది అమ్మాయ్? ఉండు, సమాధానం వచ్చింది."

"ఇటివ్వండి. ఆ ఫోన్ ఇటివ్వండి వదినా."

"నేను చదువుతాగా. 'రెండూ తనే రాసిందా' అని అడిగాడు. అవునన్నాను. 'హాయిగా ఉందని కూడా తనే రాసిందా' అన్నాడు. అవునన్నాను. ఇప్పుడిది వచ్చింది. 'తన నోటితో తనే అంది కదక్కా. వాణ్ని తీసుకెళ్లు. శనివారం నేను మీ ఇంటికే వస్తాను.'"

ఆడపడుచు లోపలికెళ్లి ఏడుస్తున్న పిల్లాణ్ని ఎత్తుకొచ్చింది.

"వాణ్ని నాకివ్వండి. ఒక్కసారి. పాలు పట్టి ఇస్తాను. వదినా, మీ కాళ్లు పట్టుకుంటా."

"లే. అడ్డు లే తలుపుకి. ఆ చొక్కాల సంచీ ఇటివ్వు. మూడంతస్తులు దిగాలి, వాడు ఊరుకునేలా లేడు. కిందిదాకా వినపడుతూనే ఉంటుంది నీకు. మిషన్ వేసుకో."